భవిష్యనిధి పెట్టుబడులు: రాబడి, నష్టభయం

జంషెడ్‌పూర్‌లోని గోవింద్‌పూర్‌లో కర్మాగారాలపై ఆధారపడిన కుటుంబాలెన్నో ఉన్నాయి. కార్మికుని జీతంలో నెలనెలా మినహాయించే భవిష్యనిధి సొమ్ము ఎక్కడికి వెళ్తుంది? ఈ నగరంలోని టాటా స్టీల్ 1920లోనే భవిష్యనిధి పథకం పెట్టింది. దేశానికంతటికీ చట్టం 1952లో వచ్చింది. ఇలా అనేకుల పొదుపును ఒకచోట చేర్చి మదుపు చేసే సంస్థలను సంస్థాగత మదుపుదారులు అంటారు.

ఈ సొమ్ములో పెద్ద భాగం ప్రభుత్వ బాండ్లలోకి వెళ్తుంది. అక్కడ అసలు పోతుందన్న భయం దాదాపు లేదు. కాని 8 శాతం వడ్డీనిచ్చే పదేళ్ల బాండును 100 రూపాయలకు కొన్న వెంటనే మార్కెట్‌లో వడ్డీ 10 శాతానికి పెరిగిందనుకోండి. అమ్మబోతే సుమారు 88 రూపాయలే వస్తాయి. గడువు వరకు ఉంచుకుంటే 100 రూపాయలూ చేతికొస్తాయి.

కంపెనీ బాండ్లపై వడ్డీ కొంత ఎక్కువ. వాటి భద్రతకు కొలమానం రేటింగు. 2018 జులైలో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థకు అత్యున్నత రేటింగు ఉండేది. సెప్టెంబరు నాటికి ఆ గ్రూపు బాకీలు చెల్లించలేకపోయింది. పలు భవిష్యనిధి ట్రస్టుల సొమ్ము అందులో చిక్కుకుంది. షేర్ల పతనం కంటే ఇదే ఎక్కువ ప్రమాదమనిపిస్తుంది, ఎందుకంటే ఇది ముందుగా కనిపించదు.

ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ 2015 ఆగస్టులో షేర్లవైపు అడుగు వేసింది. కొత్తగా మదుపు చేసే సొమ్ములో మొదట 5 శాతం, 2017లో 15 శాతం. సెన్సెక్స్ 2020 మార్చి ఒక్క నెలలోనే 23 శాతం పడిపోయి, ఏడాది ముగిసేలోగా కోలుకుంది. ఇరవై ఏళ్ల తర్వాత రిటైరయ్యేవారి సొమ్ము అంతకాలం ఆగగలదు. వచ్చే నెల చెల్లించాల్సిన సొమ్ము ఆగలేదు.

ఈ మదుపు ఏదో ఒక కంపెనీలో కాక, సూచీని అనుసరించే ఈటీఎఫ్‌ల ద్వారా సాగుతుంది. ఉక్కు ధర పడితే జంషెడ్‌పూర్‌లో ముందు దెబ్బ తగిలేది ఉపాధికే. పొదుపంతా ఉక్కు షేర్లలోనే ఉంటే, ఉద్యోగం పోయిన రోజుల్లోనే అదీ కరిగిపోతుంది.