తరగతిలో మాటకు మార్కులు

పిల్లలు బడినుండి తెచ్చిన మార్కుల పట్టికలో లెక్కలకెన్ని, ఇంగ్లీషునకెన్ని యని చూచుట మనకందరకు నలవాటే. కొన్ని సంవత్సరములు మన రాష్ట్రపు బడులలో మరియొక గడియు నుండెను. నిర్మాణాత్మక మూల్యాంకనమను పేర జరుగు పరీక్షలో లఘుపరీక్షకు 20, వ్రాతపనులకు 10, ప్రాజెక్టు పనికి 10 మార్కులు కాగా, తరగతిలో పాల్గొనినందుకు 10 మార్కులు. ఈ పది మార్కులు పిల్లల మనస్సుల నెట్లు మార్చెనో, ఉపాధ్యాయుని గృహిణిగా మేము దగ్గరనుండి చూచితిమి.

ఏర్పాటు వెనుక నున్న తలంపు మంచిదే. 2009 విద్యాహక్కు చట్టములోని 29వ సెక్షను, బిడ్డకు భయాందోళనలు లేకుండ జేసి తన యభిప్రాయమును స్వేచ్ఛగా చెప్పనీయవలెననుచున్నది. నిరంతరమైన సమగ్ర మూల్యాంకనము కావలెననియు ఆ సెక్షనే చెప్పుచున్నది. అయితే స్వేచ్ఛగా చెప్పవలసిన మాటకు వెలకట్టినచో నేమగును?

మా కాపురము నెల్లూరునకు తూర్పున సముద్రతీరమందలి యొక గ్రామము. వల వేయువారి పిల్లలు, రొయ్యల గుంటలపై పనిచేయువారి పిల్లలు, వరి రైతుల పిల్లలు ఒకే తరగతిలో చదువుకొందురు. మా యింటివారు పుస్తకము చేతబట్టి, మాటాడినవారి పేరునకెదురుగా గీత పెట్టసాగిరి. మొదటి వారము తరగతి కలకలలాడెను. పిదప ప్రశ్న ముగియకముందే చేతులు లేవజొచ్చెను. గీత పడినవాడు ఇక తన పని తీరెనని కూర్చుండెను. ఒకరి తప్పు మరియొకరి కవకాశమగుటచే నవ్వులు హెచ్చెను. మెత్తనివారు వెనుక బల్లలకు జరిగిరి.

ఒకనాడు చేపలబుట్ట దింపుకొని యొక తల్లి మా గడపలో నిలిచినది. "మా పిల్లకి నోరు లేదు గానీ తెలివి లేకుండా పోలేదమ్మా. అయ్యోరు పదికి నాలుగే ఏసినారంట. ఏందమ్మా ఇది?" అనినది. మేమేమి చెప్పగలము?

ఆ సాయంకాలము ఆ బాలికను అరుగుపై కూర్చుండబెట్టుకొని, సముద్రపు పోటు సంగతి యడిగితిమి. అమావాస్యకును పున్నమికిని పోటు హెచ్చుననియు, నిన్నటికంటె నేడు రెండు గడియలు ఆలస్యముగా వచ్చుననియు తడుముకొనకుండ చెప్పినది. మరి తరగతిలో నేల చెప్పవంటిమి. ఒకమారు తన యింటి యాసలో జవాబు చెప్పగా అందరు నవ్విరట. "మార్కు పోతే పోనీ, ఆ నవ్వు పడలేనమ్మా" అనినది. మా యింటివారు లోపలినుండి వినుచునే యుండిరి. ఆ నాలుగు మార్కులు బిడ్డ తెలివిని కాక, తరగతి యొక్క దయను కొలిచినవని మాకప్పుడు తెలిసినది.

అమెరికా దేశపు విద్యావేత్త మేరీ బడ్ రో 1974లో ప్రకటించిన పరిశీలన యొకటి కలదు. ప్రశ్న వేసిన ఉపాధ్యాయులు జవాబునకై సుమారొక సెకను మాత్రమే యాగుచుండిరట. మూడు సెకనులాగినచో జవాబులు పెరిగి, మౌనముగా నుండు పిల్లలును మాటాడసాగిరట. ఇది మనకు కొత్త కాదు. ప్రశ్నోపనిషత్తులో పిప్పలాదుడు తన్ను చేరవచ్చిన ఆరుగురిని ఒక సంవత్సరము తనకడ నుండి, పిదప నిచ్చవచ్చినది యడుగుడనెను. తనకు తెలిసినచో చెప్పుదుననెను. అచట తొందర లేదు, గీత లేదు.

మా యింటివారు పద్ధతి మార్చిరి. ప్రశ్న వేసి కొంత తడవాగుట, మొదట రెండు పంక్తులు వ్రాయించుట, ప్రక్కవారితో చెప్పించి పిదప అందరియెదుట చెప్పించుట మొదలిడిరి. ప్రశ్న నడుగుటయు, తోటివాని మాట శ్రద్ధగా వినుటయు పాల్గొనుటగానే యెంచిరి. పిల్లలయెదుట గీతలు మానిరి. ఆటుపోట్ల పాఠమునాడు ఒక బాలుడు "చంద్రుడు కారణము" అని పుస్తకములోని మాట చెప్పి కూర్చుండెను. అప్పుడా బాలిక లేచి రెండు గడియల సంగతి చెప్పినది. "ఏల ఆలస్యమగును?" అని ఆ బాలుడే యడిగెను. చంద్రోదయము దినదినమునకు సుమారు 50 నిమిషములు వెనుకబడుటను ఇరువురును కలిసి కనుగొనిరి. నాడెవరును నవ్వలేదు. అందరికిని నోరు వచ్చెనని చెప్పము. వెనుక బల్లపై నొక బాలుడు సంవత్సరాంతము వరకు పలుకనే లేదు.

పదవ తరగతిలో బడియందే వేయు 20 మార్కులను మన ప్రభుత్వము 2019లో తీసివేసినది. అట్టి మార్కులు కొన్నిచోట్ల చూడకయే నిండుగా వేయబడుచున్నవను ఆక్షేపణ యుండెను. గడి యుండిన నుండనిండు, పోయిన పోనిండు. మన యింట జరుగునది మన చేతిలోనిది. కొడుకు ప్రశ్నించిన తెలివి యందుము, కూతురు ప్రశ్నించిన నోటిదురుసు అందుము. పదేండ్లు ఇంట నోరు మూయించి, బడిలో నోరు విప్పలేదని దాని మార్కులకు వగచుట న్యాయమా? నేటి సాయంకాలము బిడ్డ ఇల్లు చేరగానే "ఎన్ని మార్కులు?" అనక, "నేడేమి యడిగితివి?" అందము. జవాబు వచ్చువరకు, పొయ్యిమీద పాలు పొంగకుండ చూచుకొనుచునైనను, కొంచెమాగుదము.