సున్నం పొగలోని వాయువును ఎలా పట్టుకుంటుంది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఇళ్లలో పరిచే నాపరాయి సున్నపురాయే. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు కాల్చేదీ సున్నపురాయినే. పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసే శక్తి ఈ రాయికి ఉంది!

ఎలా? స్వచ్ఛమైన సున్నపురాయి 100 గ్రాములు తీసుకుని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతుంది, 56 గ్రాముల సున్నం మిగులుతుంది. ఆ సున్నానికి 650 డిగ్రీల దగ్గర పొగ తగిలితే, అందులోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి మళ్లీ సున్నపురాయి అవుతుంది. దాన్ని వేరే బట్టీకి పంపి తిరిగి కాలుస్తారు. అక్కడ ఇంధనాన్ని గాలితో కాక ఆక్సిజన్‌తో మండిస్తారు. గాలిలోని నైట్రోజన్ కలవదు కాబట్టి, బయటికొచ్చేది దాదాపు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి మాత్రమే. ఆవిరిని చల్లారిస్తే నీరైపోతుంది, కార్బన్ డయాక్సైడ్ విడిగా మిగులుతుంది.

అంత వేడి వృథా కాదా? చాలావరకు కాదు. సున్నం వాయువుతో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. దానితో కరెంటు తీయొచ్చు. స్పెయిన్‌లోని లా పెరెడాలో 1.7 మెగావాట్ల (వేడి లెక్కలో) ప్రయోగాత్మక ప్లాంటు పొగలోంచి వాయువును పట్టే ఈ పద్ధతిని నడిపి చూపింది.

అసలు చిక్కు వేరే ఉంది. పదేపదే కాలిస్తే సున్నపు రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, లోపలి సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. వాయువు లోపలికి చొరబడలేకపోతుంది.

ఇక్కడే పులివెందుల దగ్గరి వేంపల్లె డోలమైటు లాంటి రాయి నాకు ఎంతో ఆసక్తి కలిగిస్తుంది. డోలమైటులో మెగ్నీషియం కూడా ఉంటుంది. కాల్చాక మెగ్నీషియం ఆక్సైడ్ ఆ వేడిలో వాయువుతో కలవదు, సున్నపు రేణువుల మధ్య అడ్డుగా నిలిచి వాటిని అతుక్కోనివ్వదు. వాయువును పట్టని ఈ ఆక్సైడ్ వల్ల తిప్పాల్సిన బరువు పెరుగుతుంది, కానీ సున్నం ఎక్కువ విడతలు పనిచేస్తుంది.