వాల్తేరులో విదేశీ విద్యార్థులు

విశాఖపట్నం కూడా కొందరికి విదేశమే. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు తరలివచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్‌లో ఇథియోపియా, ఇరాక్, యెమెన్, అఫ్గానిస్తాన్, బంగ్లాదేశ్ వంటి దేశాల విద్యార్థులు చదువుతుంటారు. 1950లో ఏర్పడిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఉపకారవేతనంతో వచ్చేవారు కొందరు, 2018లో కేంద్రం ప్రారంభించిన ‘స్టడీ ఇన్ ఇండియా’ ద్వారా వచ్చేవారు కొందరు, సొంత ఖర్చు మీద వచ్చేవారు మరికొందరు. ఇథియోపియా నుంచి పీహెచ్‌డీకి వచ్చేవారిలో చాలామంది అక్కడ అప్పటికే పాఠాలు చెప్పేవారు. భార్యాబిడ్డలను విడిచి వచ్చి, నడివయసులో మళ్లీ విద్యార్థులవుతారు.

అందరికంటే ముందు పలకరించేది ఉక్కపోత. అడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన, కాబూల్ సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఆ చల్లగాలికి అలవాటుపడ్డ ఒంటికి వాల్తేరు చెమట ఓ పట్టాన సరిపడదు. ఇథియోపియాకూ అఫ్గానిస్తాన్‌కూ సముద్రమే లేదు కాబట్టి బీచ్ సరదాగానే ఉంటుంది గాని, తుపాను హెచ్చరిక కొత్త సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని చీకట్లో ముంచినప్పుడు సొంత ఊరివాళ్లకే దిక్కుతోచలేదు.

తిండి సంగతి కాస్త విచిత్రం. ఇథియోపియా విద్యార్థికి మెస్‌లో కారం కొత్త కాదు, బెర్బెరె మసాలా తిని పెరిగినవాడే. పూటపూటా అన్నం తినడమే కష్టం. వాళ్ల రోజువారీ తిండి ఇంజెరా. టెఫ్ అనే గింజల పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, పెనం మీద పోసే వెడల్పాటి అట్టు అది. టెఫ్ మన కిరాణాకొట్లలో కనపడదు. చోళ్లు మాత్రం దొరుకుతాయి. ఉత్తరాంధ్ర అంబలి కాచుకునే ఈ రాగులు వేల ఏళ్ల కిందట తూర్పు ఆఫ్రికా ఎత్తుప్రాంతాల నుంచి వచ్చిన పంటే. ఇథియోపియాలో వీటితోనూ ఇంజెరా పోస్తారు.

పాఠం ఇంగ్లిషులో సాగినా, వరండాలో కబుర్లూ ఆఫీసులో గుమాస్తా మాటా తెలుగులోనే. షేర్ ఆటో బేరానికి పనికొచ్చే తెలుగు తొందరగానే పట్టుబడుతుంది. స్నేహానికి సరిపడా భాష రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

పరాయిచోట కలిగే ఈ తికమకకు ‘కల్చర్ షాక్’ అన్న పేరును 1950లలో ప్రచారంలోకి తెచ్చినవాడు మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబర్గ్. అమెరికా వెళ్లొచ్చిన రెండొందల మందికి పైగా నార్వే ఫుల్‌బ్రైట్ గ్రహీతలను పరిశీలించి, మొదటి ఆర్నెల్లు బాగానే గడుస్తాయనీ, ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య కుంగుబాటు ఉంటుందనీ, తరవాత తేరుకుంటారనీ 1955లో స్వెర్రె లిస్‌గార్డ్ చెప్పాడు. 1998లో న్యూజిలాండ్‌లోని జపాన్ విద్యార్థులను గమనించిన కొలీన్ వార్డ్ బృందానికి మాత్రం అడుగుపెట్టిన రోజుల్లోనే దిగులు ఎక్కువని తేలింది. వాల్తేరుకు రెండో లెక్కే సరిపోయేలా ఉంది. ఎందుకంటే కాగితాల గొడవంతా ఆ తొలి వారాల్లోనే.

నూట ఎనభై రోజులకు మించిన వీసా మీద వచ్చిన విద్యార్థి పద్నాలుగు రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. ఇల్లిచ్చినవారు ఇరవై నాలుగు గంటల్లో ఆ సంగతి తెలుపుతూ ఫారం నింపాలి. ఈ ఫారం మాట వినగానే కొందరు యజమానులు వెనకడుగు వేస్తారు. మాంసం వండుతారనో, ఒంటి రంగు చూసో ‘ఇప్పుడే ఇచ్చేశామండీ’ అనేవారూ ఉంటారు, టు-లెట్ బోర్డు గేటుకు వేలాడుతుండగానే. అద్దె ఒప్పందం లేకపోతే చిరునామాకు ఆధారం లేదు, అది లేకపోతే బ్యాంకు ఖాతా కష్టం. సర్దుకుపోవడం విద్యార్థి గుణమని అనుకుంటాం గాని, అందులో సగం ఇంటి యజమాని చేతిలోనే ఉంది.

చదువు మధ్యలో సొంత దేశమే తలకిందులైతే ఇక చెప్పేదేముంది! ఇథియోపియాలో 2020 నవంబరు నుంచి రెండేళ్లు సాగిన తిగ్రాయ్ యుద్ధంలో ఆ ప్రాంతానికి ఫోన్లు, ఇంటర్‌నెట్ తెగిపోయాయి. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమయ్యాక, భారత్ బయట ఉన్న అఫ్గాన్లకు అంతకుముందు ఇచ్చిన వీసాలను కేంద్రం రద్దు చేసింది. సెలవులకు ఇంటికెళ్లినవాళ్లు అక్కడే చిక్కుకుపోయారు.

ఇక గడువుల సంగతి. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లని యూజీసీ 2022 నిబంధనలు చెబుతున్నాయి. థీసిస్ ఇచ్చాక మూల్యాంకనం, వైవా ఆర్నెల్లలో పూర్తికావాలి. ఆలోపు వీసా గడువు తీరేలా ఉంటే, విశ్వవిద్యాలయం నుంచి ధ్రువపత్రం పట్టుకుని మళ్లీ పొడిగింపుకు దరఖాస్తు చేసుకోవాలి.