కొల్లేరు అభయారణ్యంలో పట్టా భూములు: పర్యావరణ నియంత్రణ, ఆస్తి హక్కు – రాజ్యాంగ దృక్కోణం

పరిచయం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ విస్తరించిన కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తదితర వాగులు తెచ్చే వరదను తనలో ఇముడ్చుకొని, ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి పంపుతుంది. 1999 అక్టోబరు 4న జారీ అయిన జీవో 120 ద్వారా +5 కాంటూరు వరకు గల సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో 2006లో అభయారణ్య పరిధిలోని చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తొలగించారు. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్య పరిధిని +3 కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. అయితే కేంద్రం నియమించిన నిపుణుల సంఘం +5 కాంటూరునే కొనసాగించాలని సూచించింది.

ఈ పరిధిలో ప్రభుత్వ భూములతో పాటు రైతుల జిరాయితీ భూములు కూడా ఉన్నాయి. పరిహారం చెల్లించాలని, లేదా తమ భూములను పరిధి నుండి మినహాయించాలని ఆ రైతులు చాలా కాలంగా కోరుతున్నారు. ఈ వివాదాన్ని సాధారణంగా పర్యావరణానికి, ఆస్తి హక్కుకు మధ్య పోరుగా వర్ణిస్తుంటారు. రాజ్యాంగాన్ని, వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని కలిపి చదివితే అసలు ప్రశ్న వేరని తెలుస్తుంది. భూమి వినియోగాన్ని నియంత్రించడం ఎక్కడ ముగుస్తుంది, భూమిని తీసుకోవడం ఎక్కడ మొదలవుతుంది అన్నదే ఆ ప్రశ్న.

రాజ్యాంగంలోని రెండు పాయలు

మొదటిది పర్యావరణ పాయ. 1976 నాటి 42వ సవరణ 48-ఏ అధికరణ ద్వారా పర్యావరణాన్ని, అడవులను, వన్యప్రాణులను కాపాడే బాధ్యతను రాజ్యంపైన, 51-ఏ(జి) ద్వారా అటువంటి కర్తవ్యాన్నే పౌరులపైన ఉంచింది. అడవులు, వన్యప్రాణుల సంరక్షణ అంశాలను రాష్ట్ర జాబితా నుండి ఉమ్మడి జాబితాకు మార్చినది కూడా ఈ సవరణే. 21వ అధికరణలోని జీవించే హక్కులో కాలుష్యం లేని నీరు, గాలి పొందే హక్కు ఇమిడి ఉందని సుప్రీంకోర్టు సుభాష్ కుమార్ కేసులో (1991) పేర్కొంది. నదులు, సరస్సుల వంటి సహజ వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనన్న సూత్రాన్ని కమల్‌నాథ్ కేసులో స్థిరపరచింది. తిరుపతి ప్రాంతంలోని అవిలాల, పేరూరు చెరువులకు సంబంధించిన 2006 నాటి తీర్పులో ఆ సూత్రాన్ని మరల ప్రస్తావించింది.

రెండవది ఆస్తి పాయ. 1978 నాటి 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించి, 300-ఏ అధికరణలో రాజ్యాంగ హక్కుగా నిలిపింది. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరినీ ఆస్తి నుండి వంచితులను చేయరాదన్నది దాని సారాంశం. పరిహారం అన్న మాట ఈ అధికరణలో కనిపించదు. అయినప్పటికీ ప్రజా ప్రయోజనం ఉండాలన్న నియమం, పరిహారం కోరే హక్కు ఈ అధికరణలో అంతర్లీనంగా ఉన్నాయని కె.టి. ప్లాంటేషన్ కేసులో (2011) రాజ్యాంగ ధర్మాసనం వివరించింది. నోటీసు, వాదన వినిపించే అవకాశం, సహేతుకమైన నిర్ణయం, ప్రజా ప్రయోజనం, న్యాయమైన పరిహారం, సత్వర ప్రక్రియ, ఆ ప్రక్రియను ముగించడం అనే ఏడు అంశాలు 300-ఏ అధికరణలో భాగమని 2024లో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చిన్న రైతుకు మరొక రక్షణ కూడా ఉంది. గరిష్ఠ పరిమితికి లోబడి స్వయంగా సాగు చేసుకుంటున్న భూమిని రాజ్యం చట్టం ద్వారా సేకరించినపుడు, మార్కెట్ విలువకు తగ్గని పరిహారం చెల్లించాలని 31-ఏ అధికరణలోని రెండవ మినహాయింపు నిర్దేశిస్తున్నది.

నియంత్రణ, స్వాధీనం మధ్య గీత

వినియోగంపై విధించే ప్రతి పరిమితి ఆస్తిని హరించినట్లు కాదు. పురుగుమందుల వాడకంపై ఆంక్ష, బోరుబావికి అనుమతి, తీరంలో నిర్మాణాలపై నిషేధం వంటివి సాధారణంగా నియంత్రణ కిందికే వస్తాయి. వీటికి పరిహారం ఉండదు. వృత్తి, వ్యాపారాలపై సహేతుకమైన పరిమితులను 19(6) అధికరణ అనుమతిస్తున్నది. తీరప్రాంత రొయ్యల చెరువులపై 1996లో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ కోవకు చెందినదే. చెరువుల వలన పొరుగు భూములకు, తాగునీటికి కలిగే నష్టాన్ని కాలుష్య కారకులే భరించాలన్న సూత్రాన్ని అందులో వర్తింపజేశారు.

అయితే పరిమితి యజమానికి ఏ ఉపయోగాన్నీ మిగల్చని స్థితికి చేరితే పరిస్థితి మారుతుంది. పూణేలోని ఒక ప్రైవేటు స్థలాన్ని ఉద్యానవనంగా గుర్తించిన కేసులో, ఆ స్థలాన్ని సేకరించకుండా దానిని వినియోగించుకునే హక్కును యజమానికి నిరాకరించరాదని 2005లో రాజు జెఠ్మలానీ తీర్పు పేర్కొంది. ఆ స్థలాన్ని ప్రణాళికలో ఉద్యానవనంగా చూపడం తప్పు కాదనీ, చూపి సేకరించకుండా వదిలివేయడమే తప్పనీ ఈ తీర్పు ద్వారా గ్రహించవచ్చు.

చట్టం చూపిన వారధి

ఈ రెండు పాయలను కలిపే ఏర్పాటు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే ఉంది. సెక్షన్ 18 కింద ఉద్దేశ ప్రకటన వెలువడిన తరువాత కలెక్టరు హక్కులపై విచారణ జరపాలి. సెక్షన్ 21 ప్రకారం ప్రాంతీయ భాషలో గ్రామాలలో ప్రకటన చేసి, క్లెయిములు దాఖలు చేయడానికి రెండు నెలల గడువు ఇవ్వాలి. హక్కు ఉన్నదని తేలితే సెక్షన్ 24 మూడు మార్గాలను చూపుతుంది. మొదటిది, ఆ భూమిని అభయారణ్య పరిధి నుండి మినహాయించడం. రెండవది, ఆ భూమిని లేదా హక్కును సేకరించడం. మూడవది, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారిని సంప్రదించి ఆ హక్కును కొనసాగనివ్వడం.

ఈ మూడింటిలో ఏదీ అమలు కాని స్థితికి చట్టంలో చోటు లేదు. ఉదాహరణకు, +5 కాంటూరు లోపల రెండు ఎకరాల జిరాయితీ భూమి గల రైతును తీసుకుందాం. ఆయన భూమిని మినహాయించలేదు, సేకరించలేదు, ఏ హక్కు ఏ మేరకు కొనసాగుతుందో తెలిపే ఉత్తర్వు కూడా ఇవ్వలేదు. అపుడు పట్టాదారు పాసు పుస్తకం ఆయన చేతిలోనే ఉంటుంది గాని, భూమిపై ఏమి చేయవచ్చో తెలియదు. సరస్సుకు కూడా ఇందువలన మేలు జరగదు. హద్దులు, హక్కులు తేలని చోట ఆక్రమణదారుడు కూడా నిజమైన పట్టాదారు వెనుక నిలబడి వాదించగలుగుతాడు. అందువలన హక్కుల పరిష్కారాన్ని సంరక్షణకు అడ్డంకిగా గాక, సంరక్షణకు పునాదిగా భావించాలి.

పొరుగువాని ఆస్తి

చేపల చెరువు గట్టు కేవలం ఒక రైతు సొంత భూమికి సంబంధించిన విషయం కాదు. గట్లు వరద మార్గాన్ని ఇరుకు చేసినపుడు నీరు వెనుకకు ఎగదన్ని, ఎగువన ఉన్న వరి పొలాలు ముంపునకు గురవుతాయి. ఆ పొలాలు కూడా ఎవరో ఒకరి ఆస్తియే. అభయారణ్యంలోకి వచ్చే లేదా బయటకు పోయే నీటి ప్రవాహాన్ని అనుమతి లేకుండా మళ్ళించడాన్ని, ఆపడాన్ని సెక్షన్ 29 నిషేధించింది. ఈ నిషేధం పక్షులతో పాటు రైతులను కూడా కాపాడుతుంది. కాబట్టి సాగు హక్కును గుర్తించినంత మాత్రాన గట్టు వేసే హక్కును గుర్తించినట్లు కాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలు

అభయారణ్య పరిధిలోని గ్రామాలలో సలహా ఇచ్చే ముందు భూమి స్వభావాన్ని నిర్ధారించుకోవాలి.

1. ప్రభుత్వ సరస్సు భూమి: ఆక్రమణ ఎంత పాతదైనప్పటికీ 300-ఏ అధికరణ రక్షణను ఆశించడం కష్టం.

2. అసైన్డ్ భూమి: 1977 నాటి చట్టం దీని బదిలీపై ఆంక్షలు విధించింది. అయితే ప్రభుత్వం ఇటువంటి భూమిని తిరిగి తీసుకున్నపుడు అసైనీలకు పూర్తి యజమానులతో సమానంగా పరిహారం చెల్లించాలని 2004లో మేకల పండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పునిచ్చింది.

3. జిరాయితీ భూమి: సెక్షన్ 24 కింద క్లెయిము, దానిపై వెలువడిన ఉత్తర్వు ఉన్నాయో లేదో ముందుగా పరిశీలించాలి.

4. ఉద్దేశ ప్రకటన తరువాతి లావాదేవీలు: సెక్షన్ 20 ప్రకారం సెక్షన్ 18 ప్రకటన తరువాత వారసత్వం లేదా వీలునామా ద్వారా తప్ప కొత్త హక్కు సంక్రమించదు. చేపల సాగుకు కౌలు తీసుకునే వారికి ఈ విషయాన్ని ముందే తెలియజేయాలి.

పాత అడంగల్ నకళ్ళు, శిస్తు రశీదులు, సర్వే పటాలను భద్రపరచుకోమని రైతులకు సూచించడం, నీటి ప్రవాహానికి అడ్డు రాని సాగు పద్ధతులను పరిచయం చేయడం విస్తరణ సేవలో భాగం కావాలి.

ముగింపు

కొల్లేరు విషయంలో రాజ్యాంగం సరస్సునో, రైతునో ఎంచుకొమ్మని అడగడం లేదు. సరస్సును కాపాడవలసిందే. అందుకయ్యే మూల్యాన్ని పట్టా గల చిన్న రైతు ఒక్కడే మోయరాదు. మినహాయింపు, సేకరణ, కొనసాగింపు అనే మూడు మార్గాలలో ఏది ఏ సర్వే నంబరుకు వర్తిస్తుందో తేల్చి, ప్రక్రియను ముగించినపుడే 48-ఏ, 300-ఏ అధికరణలు రెండూ క్షేత్రస్థాయిలో అమలైనట్లు భావించవచ్చు.