లెక్క చూపించే శాస్త్రం

2020 మే 22న ప్రఖ్యాత వైద్య పత్రిక ‘లాన్సెట్’లో ఒక పరిశోధన పత్రం అచ్చయింది. ఆరు ఖండాల్లోని 671 ఆస్పత్రుల నుంచి 96,032 మంది కొవిడ్ రోగుల వివరాలు సేకరించామనీ, హైడ్రాక్సీక్లోరోక్విన్ తీసుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయనీ దాని సారాంశం. మూడు రోజులకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ‘సాలిడారిటీ’ ప్రయోగంలో ఆ మందు ఇవ్వడాన్ని తాత్కాలికంగా ఆపుతున్నట్టు ప్రకటించింది. ఈలోగా అంకెలు జాగ్రత్తగా చూసినవాళ్లకు అనుమానాలు మొదలయ్యాయి. ఆస్ట్రేలియా మొత్తంలో అప్పటికి నమోదైన కొవిడ్ మరణాల కంటే, ఆ దేశపు కొన్ని ఆస్పత్రుల్లోనే జరిగాయని ఈ పత్రం చెప్పిన మరణాలు ఎక్కువ! వందమందికి పైగా శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. డేటా అంతా సర్జిస్ఫియర్ అనే అమెరికా కంపెనీ చేతిలో ఉంది. స్వతంత్ర పరిశీలకులకు పూర్తి డేటా ఇవ్వడానికి ఆ కంపెనీ ఒప్పుకోలేదు. చివరికి జూన్ 4న, కంపెనీ అధిపతి మినహా మిగతా ముగ్గురు రచయితలు పత్రాన్ని ఉపసంహరించుకున్నారు.

ఆ మర్నాడే బ్రిటన్‌లోని ‘రికవరీ’ ప్రయోగం నిర్వాహకులు, ఆస్పత్రిలో చేరిన కొవిడ్ రోగులకు ఆ మందు వల్ల మేలు లేదని ప్రకటించారు. అలాంటప్పుడు ఉపసంహరించుకున్న పత్రం చెప్పినదాంట్లో అంత తప్పేముందని ఎవరైనా అడగవచ్చు. అసలు తప్పు ముగింపులో కాదు, ఆ ముగింపుకు ఎలా వచ్చారో ఎవరికీ తెలియకపోవడంలో ఉంది. రికవరీ ఫలితాన్ని ఇవాళ్టికీ డాక్టర్లు నమ్ముతున్నారంటే, రోగులను ఏ పద్ధతిలో విభజించారు, ఎవరికి ఏమిచ్చారు అన్నది అడిగినవాళ్లకు చూపించగలరు కాబట్టి. పత్రికలు అచ్చుకు ముందు చేయించే సమీక్షలో నిపుణులు సాధారణంగా రాసిన పత్రాన్నే చదువుతారు. దాని వెనకున్న ముడి డేటా వాళ్ల దాకా రాదు. లాన్సెట్ లాంటి పత్రిక వడపోత కూడా ఆ పత్రాన్ని ఆపలేకపోవడానికి ముఖ్య కారణం అదే. పత్రంతో పాటు డేటానూ, విశ్లేషణకు వాడిన కోడ్‌నూ, ఏ కొలత ఎలా తీశారో చెప్పే వివరణనూ బయటపెట్టాలని ఓపెన్ సైన్స్ ఉద్యమం కోరుతున్నది ఇందుకే.

డేటా బయట ఉంటే పొరపాట్లు జరగవని కాదు. అవి ఎక్కువ కాలం బతకవు, అంతే. ఆర్గో అనే అంతర్జాతీయ కార్యక్రమం కింద ఫ్లోట్లు అనే కొలత యంత్రాలు దాదాపు 4,000 ప్రపంచ సముద్రాల్లో తిరుగుతున్నాయి. ఒక్కో ఫ్లోటూ వెయ్యి మీటర్ల లోతున నీటితో పాటు సాగుతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ దారి పొడవునా ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. చాలా మటుకు 24 గంటల్లోపే ఆ కొలతలు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా నెట్‌లో ఉంటాయి. మన దేశం వదిలిన ఫ్లోట్ల డేటాను చూసుకునేది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్. బంగాళాఖాతంలో వాయుగుండం ఎంత బలపడుతుందో అంచనా కట్టాలంటే సముద్రపు పై పొరల్లో ఎంత వేడి నిలవ ఉందో తెలియాలి. ఆ లెక్కకు ఈ కొలతలు ఒక ముఖ్య ఆధారం. తీరంలో జనాన్ని ఎప్పుడు ఖాళీ చేయించాలన్న నిర్ణయం వెనక ఏదో ఒక దశలో ఇలాంటి అంకెలుంటాయి. వాటిని ఏ దేశమూ తన బీరువాలో దాచుకోకపోవడం మన కోస్తాకు నిజంగా మేలు చేసింది.

2006లో ఇదే ఆర్గో డేటాను, ఓడల మీంచి జారవిడిచే కొలత పరికరాల డేటాను కలిపి, 2003–2005 మధ్య సముద్రాల పై పొరలు చల్లబడ్డాయని అమెరికా పరిశోధకులు కొందరు ప్రకటించారు. భూమి వేడెక్కుతోందన్న అవగాహనకే అడ్డు తిరిగిన ఫలితమది. ఉపగ్రహాలు కొలుస్తున్న సముద్ర మట్టంతో పోలిస్తే లెక్క పొసగలేదు. తరచి చూస్తే కొన్ని ఫ్లోట్లు లోతును తప్పుగా నమోదు చేస్తున్నాయనీ, ఓడల పరికరాల్లో మరో లోపం ఉందనీ 2007లో తేలింది. సవరణ ప్రచురించింది ఆ పత్రం రాసినవాళ్లే. ఏ ఫ్లోటు ఏ రోజున ఏం కొలిచిందో విడివిడిగా అందుబాటులో ఉండబట్టి, చెడ్డ కొలతలను గుర్తించి పక్కన పెట్టి మిగతావి నిలుపుకోగలిగారు. సర్జిస్ఫియర్ విషయంలో నిలుపుకోవడానికి ఒక్క అంకె కూడా మిగల్లేదు.

‘కోరితే డేటా ఇస్తాం’ అని పత్రం చివర ఒక వాక్యం రాస్తే చాలదా అనే పరిశోధకులు చాలామందే. అలా రాసిన 1,792 పత్రాల రచయితలను ఒక బృందం నిజంగానే అడిగి చూసి, 2022లో ఫలితం ప్రచురించింది. ఇచ్చినవాళ్లు 122 మంది. మిగతా 93 శాతం జవాబైనా ఇవ్వలేదు, లేదా కుదరదన్నారు. ఇందులో దురుద్దేశం వెతకనక్కర్లేదు. 516 పత్రాల మీద 2014లో వచ్చిన మరో అధ్యయనం, పత్రం వెలువడ్డాక ఏడాదికేడాది దాని డేటా మిగిలి ఉండే అవకాశం 17 శాతం చొప్పున తగ్గుతోందని చూపించింది. పాత ఈమెయిల్ పనిచేయదు, కంప్యూటర్ మారిపోతుంది, పెన్‌డ్రైవ్ ఎక్కడో పోతుంది, లెక్కలు కట్టిన విద్యార్థి పీహెచ్‌డీ ముగించి ఇంకో ఉద్యోగంలోకి వెళ్లిపోతాడు. ప్రజల సొమ్ముతో ఏళ్ల తరబడి చేసిన పొలం కొలతలు, రోగుల సర్వేలు అలా మాయమైపోవడం బాధాకరం. వాటిని మళ్లీ సేకరించడం కూడా కుదరదు. 1998 నాటి వానను ఇవాళ ఎవరూ కొలవలేరు.

అభ్యంతరాలున్నాయి, వాటిలో కొన్ని బలమైనవి. తన డేటాతో వేరొకరు ముందుగా పత్రం వేసేస్తారన్న భయానికి మందు సులువు: ప్రచురణ దాకా గడువిచ్చి, డేటా వాడుకున్నవాళ్లు సేకరించినవాళ్ల పేరు చెప్పి తీరాలన్న నియమం పెట్టాలి. రోగుల గోప్యత అంత తేలిగ్గా తెగేది కాదు. పేర్లు తీసేసిన ఆస్పత్రి రికార్డుల్లోంచే పుట్టిన తేదీ, లింగం, పిన్‌కోడ్ సాయంతో మసాచుసెట్స్ గవర్నర్ రికార్డును 1990లలో పరిశోధకురాలు లటాన్యా స్వీనీ పట్టి చూపించింది. కాబట్టి అన్నీ అందరి ముందూ పరచాలనడం తప్పు. పరిశోధకుడి అర్హత, అవసరం పరిశీలించి అనుమతి ఇచ్చే ఏర్పాటు కావాలి. మన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు పదివేల మంది జన్యు సమాచారాన్ని ఫరీదాబాద్ డేటా కేంద్రంలో ఉంచి, 2025 జనవరి నుంచి ఈ తరహాలోనే అందిస్తోంది. హైదరాబాద్ సీసీఎంబీ కూడా అందులో భాగస్వామి.

ఇంకో అభ్యంతరం న్యాయానికి సంబంధించింది. బర్డ్ ఫ్లూ నమూనాలు మేమిస్తే, వాటితో సంపన్న దేశపు కంపెనీ టీకా చేస్తుంది, అది మాకు కొనలేని ధరకు వస్తుంది అంటూ ఇండొనేసియా 2007 ప్రాంతంలో నమూనాలు పంపడం ఆపేసింది. ఆ కోపం సబబైనదే. దాని ఫలితంగా 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, నమూనాలు పంచుకోవడంతో పాటు ప్రయోజనాలూ పంచుకోవాలనే ఒప్పందం తెచ్చింది. ఇచ్చేవాళ్లు షరతులు పెట్టి గెలిచారు. పంచుకోవడం శాశ్వతంగా మానేసి ఉంటే బేరమాడే అవకాశమే ఉండేది కాదని నా అభిప్రాయం.

మన దేశంలో ప్రభుత్వ శాఖల డేటా పంచుకోవడానికి 2012 నుంచే జాతీయ విధానం ఉంది. జర్నళ్లు చదవడానికి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. విద్యార్థులకు అది మంచిదే, కానీ ఆ డబ్బు ప్రధానంగా ఇతరులు అచ్చేసినవి చదవడానికే. మనం సేకరించినవి భద్రపరచడానికి విశ్వవిద్యాలయాల్లో మనుషులు కావాలి: డేటా శుభ్రం చేసేవాళ్లు, ఏ గడిలో ఏముందో రాసిపెట్టేవాళ్లు. ఆ పనికి పదోన్నతుల్లో మార్కులుండాలి. మన పీహెచ్‌డీ థీసిస్‌లు ఇప్పటికే ‘శోధ్‌గంగ’ అనే ఆన్‌లైన్ భాండాగారంలో చేరుతున్నాయి. థీసిస్ ఇచ్చే రోజునే దాని డేటా, కోడ్ కూడా అప్పగించాలని, గోప్యమైనవైతే అనుమతి పద్ధతిలో ఉంచాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాలు తీర్మానించుకోవచ్చు. దానికి ఢిల్లీ నుంచి ఉత్తర్వులు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.