కులూ లోయ రైతు ఇంటికి మరమ్మతా? కూల్చివేతా?

హిమాచల్‌ప్రదేశ్‌లోని కులూ లోయలో పాత రైతు ఇంటి ముందు నిలబడితే మొదట కంటబడేవి గోడలపై అడ్డచారలు. ఒక వరుస దేవదారు దూలాలు, దానిపై ఒక వరుస రాళ్లు, మళ్లీ దూలాలు. పునాది నుంచి పైఅంతస్తు వరకు ఇదే క్రమం. సున్నం లేదు, సిమెంటు లేదు. మేకుల వాడకం దాదాపు శూన్యం. ఈ కట్టడాన్ని అక్కడివారు 'కాఠ్‌కుణీ' అంటారు. కాఠ్ అంటే కొయ్య, కుణీ అంటే మూల. తరతరాలుగా మంచును, భూకంపాలను తట్టుకున్న ఈ ఇళ్లు ఇటీవలి దశాబ్దాలలో వేగంగా తగ్గిపోతున్నాయి. వాటిని పడగొట్టిస్తున్నది చాలాచోట్ల వాటి యజమానులే.

గోడలోనే గుట్టు

కాఠ్‌కుణీ గోడలో రెండు దూలాలు పక్కపక్కనే సమాంతరంగా సాగుతాయి. వాటి మధ్య ఖాళీని చిన్న రాళ్లతో నింపుతారు. అక్కడక్కడ అడ్డుకొయ్యలతో రెండు దూలాలను బిగిస్తారు. మూలల వద్ద ఒక గోడ దూలం రెండో గోడ దూలంపై ఒదిగి కూర్చుంటుంది. భూమి కంపించినపుడు రాళ్లు స్వల్పంగా కదిలి ఒత్తిడిని తమలో ఇముడ్చుకుంటాయి. దూలాలు మాత్రం గోడను నడికట్టులా పట్టి ఉంచుతాయి. 1905 ఏప్రిల్ 4న సంభవించిన కాంగ్రా భూకంపంలో దాదాపు 20 వేల మంది మరణించారు. ఇదే పద్ధతిలో కట్టిన నగ్గర్ కోట ఆ విపత్తును తట్టుకుని నిలిచింది. 1978 నుంచి అది రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ నిర్వహణలో హోటలుగా ఉంది.

రైతు ఇంటి అమరిక కూడా వ్యవసాయ అవసరాలకు తగినట్టే ఉంటుంది. కింది అంతస్తులో పశువులు, మధ్యలో ధాన్యం, పైన కుటుంబం. చలికాలంలో పశువుల ఒంటి వేడి పైకెగసి ఇంటిని వెచ్చబరుస్తుంది. గోడ దాటి ముందుకు చొచ్చుకువచ్చే కొయ్య వసారా ఎండ కాచుకోవడానికి, పంట ఆరబెట్టుకోవడానికి ఉపకరిస్తుంది. స్లేటు పలకల కప్పు తన బరువుతో గోడలను అదిమి పట్టి ఉంచుతుంది.

యాపిల్ రాక, అడవి చట్టం

అమెరికా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్ 1916లో సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో మేలురకం యాపిల్ మొక్కలు నాటించారు. తరువాతి దశాబ్దాలలో ఆ పంట కొండ రైతుల రాబడిని పెంచింది. చేతిలో డబ్బు ఆడినవారికి సిమెంటు మేడ హోదాకు గుర్తయింది. పశువులు తగ్గడంతో కింది అంతస్తుకు పని లేకుండా పోయింది. పిల్లల చదువులకు వెలుతురు గదులు, ఇంటిలోపలే స్నానాల గది కావాలన్న కోరికను తప్పుపట్టలేము.

కలప కొరత మరో కారణం. ఇంటి అవసరాలకు అడవి నుంచి చవకగా చెట్లు పొందే హక్కు గ్రామస్థులకు బ్రిటిష్ కాలం నుంచి ఉండేది. అడవులు తరిగిన కొద్దీ దానిపై ఆంక్షలు పెరిగాయి. 2013 నాటి రాష్ట్ర నిబంధనలు ఇచ్చే కలప పరిమాణానికి, వ్యవధికి కూడా హద్దులు విధించాయి. కాఠ్‌కుణీ ఇల్లు కొత్తగా కట్టాలంటే ఆ కలప ఏ మూలకూ చాలదు. బహిరంగ విపణిలో దేవదారు కొనడం సామాన్య రైతుకు తలకు మించిన భారం. కనుకనే ఉన్న ఇంటిని బాగుచేసుకోవడం ఆర్థికంగానూ అర్థవంతమైన మార్గం. గోడ విప్పితే రాళ్లన్నీ తిరిగి పనికివస్తాయి. పుచ్చిన దూలాలను మాత్రమే మార్చితే సరిపోతుంది.

చేయదగినవి, చేయరానివి

మరమ్మతులో తరచూ జరిగే పొరపాటు గోడకు సిమెంటు పూత పూయడం. దానితో తేమ బయటకు పోయే దారి మూసుకుపోయి లోపలి కొయ్య కుళ్లుతుంది. మట్టి, పేడ కలిపిన పూత గోడకు గాలి ఆడనిస్తుంది. రెండో పొరపాటు పెద్ద కిటికీల కోసం దూలాలను కోసివేయడం. చుట్టూ అవిచ్ఛిన్నంగా సాగే ఆ కట్టు తెగితే భూకంపాన్ని తట్టుకునే శక్తి సన్నగిల్లుతుంది. మూడోది, కింది అంతస్తు ఎత్తు చాలడం లేదని లోపల నేలను తవ్వడం. ఇది పునాదికే ముప్పు తెస్తుంది.

స్నానాల గదిని పాత గోడకు తగలకుండా ఇంటి వెనుక విడిగా, తేలికైన కట్టడంగా నిర్మించుకోవడం మేలు. నీటి గొట్టాలు కొయ్యగోడ గుండా పోరాదు. అన్నిటికన్నా పెద్ద భయం నిప్పు. 2008 జనవరిలో మలానా గ్రామంలో చెలరేగిన మంటలకు అనేక కొయ్య ఇళ్లు బూడిదయ్యాయి. విద్యుత్ తీగలను గొట్టాలలో అమర్చడం, పొగగొట్టాన్ని కొయ్యకు దూరంగా నిలపడం, ఎండుగడ్డిని ఇంటికి ఎడంగా దాచడం అందుకే తప్పనిసరి.

పొరుగు దేశం చూపిన దారి

ప్రభుత్వం తలచుకుంటే పాత పద్ధతికి గుర్తింపు ఎలా దక్కుతుందో పాకిస్థాన్ అనుభవం చెబుతుంది. 2005 అక్టోబరు 8 నాటి కాశ్మీర్ భూకంపంలో 70 వేల మందికి పైగా చనిపోయారు. కొయ్య చట్రాలలో రాయి, మట్టి నింపి కట్టే 'ధజ్జీ' ఇళ్లు చాలాచోట్ల నిలదొక్కుకున్నాయి. అది గమనించిన పునర్నిర్మాణ సంస్థ 2006లో ఆ పద్ధతిని ఆమోదించింది. ధజ్జీ ఇల్లు కట్టుకునేవారికీ ప్రభుత్వ సాయం అందింది. దానితో పాత పనివారికి పని దొరికింది.

హిమాచల్‌లో 2008 నుంచి అమలైన హోమ్‌స్టే పథకం కొందరికి ఆసరా అయింది. పాత ఇంటిలో బస కోరి వచ్చే పర్యాటకుల వల్ల మరమ్మతు ఖర్చు కొంతైనా తిరిగివస్తోంది. అయితే పర్యాటకులు రాని మారుమూల గ్రామాల రైతుకు ఆ దారి లేదు. అతనికి కావలసినవి మరమ్మతుకు సరిపడా కలప, పని తెలిసిన మేస్త్రీ, తేలికగా దొరికే రుణం. ఈ మూడూ సమకూరితే కూల్చివేత ఆలోచన చాలామందికి రాదు.

గోదావరి, కృష్ణా తీరాలలో మండువా లోగిళ్లు విప్పి స్తంభాలు, తలుపులు అమ్ముకున్న కుటుంబాలకు ఈ కథ కొత్త కాదు. అమ్ముడుపోయిన తలుపు నగరంలో ఎవరి హాలులోనో అలంకారంగా మిగులుతుంది. ఆ తలుపు వెనుక ఉండిన ఇల్లు, దానిని కట్టిన విద్య మాత్రం తిరిగి రావు. కులూలో ఆ విద్య తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. వాటికి పని కల్పించవలసిన సమయం ఇదే.