బుద్ధిగా చదివే పిల్లకు సేఫ్టీ కాలేజీ

టెక్సాస్‌లోని మా ప్లేనోలో పన్నెండో తరగతి పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఆగస్టు నుంచీ ఒకటే జపం: స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, యూటీ ఆస్టిన్. అవి రాకపోతేనో అని అడిగితే, "ఏదో ఒక సేఫ్టీ పెట్టాంలెండి" అంటారు. సేఫ్టీ అంటే ఏది రాకపోయినా తప్పకుండా సీటు వస్తుందనుకునే కాలేజీ. ఆ ఏదో ఒకదాంట్లోనే పిల్ల నాలుగేళ్లు బతకాల్సి రావచ్చు. అందుకే మా అమ్మాయికి లిస్టు కింద నుంచి రాయడం మొదలుపెట్టాను.

గుంటూరులో మా రోజుల్లో ఎంసెట్ ర్యాంకు చూస్తే ఏ కాలేజీ వస్తుందో ఇంచుమించు తెలిసిపోయేది. ఇక్కడ మార్కులతో పాటు వ్యాసాలు, సిఫారసు ఉత్తరాలు కూడా చూస్తారు కాబట్టి ఎవరూ గట్టిగా చెప్పలేరు. టెక్సాస్‌లో మాత్రం ఒక వెసులుబాటుంది. 1997 నాటి చట్టం ప్రకారం హైస్కూల్లో మొదటి పది శాతంలో ఉన్నవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌కు ఆ గీత ఇంకా పైన: 2026లో చేరేవాళ్లకు ఐదు శాతం. అయితే సీటు ఖాయమైనంత మాత్రాన కోరిన మేజర్ ఖాయమని కాదు. కంప్యూటర్ సైన్స్ కావాలంటే ఈ సంగతి ముందే కనుక్కోండి.

సీటు తరవాత డబ్బు. 2011 నుంచి దాదాపు ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లోనూ మన ఇంటికి ఎంత ఖర్చు పడుతుందో అంచనా కట్టే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటోంది. కట్టలేని కాలేజీ సేఫ్టీ కాదు, అంతే.

అసలు చిక్కు మూడోది, క్యాంపస్ వాతావరణం. మా పిల్లకు శనివారం రాత్రి అంటే ఇద్దరు నేస్తాలు, ఒక బోర్డ్ గేమ్, లేదంటే పుస్తకం. "అమ్మా, పార్టీలు ఉంటే ఉండనీ. వెళ్లనివాళ్లు నేనొక్కదాన్నే కాకుండా ఉంటే చాలు" అంది. అది ఎలా తెలుస్తుంది? చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రం బయటపెడతాయి. అందులో ఎఫ్1 అనే చోట ఫ్రటర్నిటీలు, సొరోరిటీలు అనే విద్యార్థి సంఘాల్లో ఎంత శాతం చేరారో, హాస్టల్లో ఎంతమంది ఉంటున్నారో రాసి ఉంటుంది. ర్యాంకుల పట్టికలన్నీ పక్కన పెట్టి ముందు ఆ అంకెలు చూడమంటాను. క్యాంపస్ నేరాల లెక్కలు బయటపెట్టమనే క్లెరీ చట్టం కింద ఏటా అక్టోబరు 1లోగా వచ్చే భద్రతా నివేదికలో మద్యం, మత్తుమందుల కేసులూ ఉంటాయి. కానీ కేసులు ఎక్కువున్నాయంటే తాగేవాళ్లు ఎక్కువనే కాదు, పట్టుకునేవాళ్లు గట్టివాళ్లని కూడా కావచ్చు.

క్యాంపస్ చూడ్డానికి పగటిపూట వెళ్తే అన్నీ పచ్చిక బయళ్లే, నవ్వు మొహాలే. శుక్రవారం రాత్రి ఎనిమిది తరవాత హాస్టళ్ల మధ్య నడవండి. వెళ్లలేకపోతే లైబ్రరీ వేళలు చూడండి, శుక్ర, శనివారాల్లో ఎన్నింటికి మూస్తున్నారో. మద్యం, సిగరెట్ ఉండని హాస్టల్ అంతస్తు ఉందా అని అడగండి. చాలా చోట్ల ఉంటుంది, అడిగినవాళ్లకే చెబుతారు.

మా ఇంటికి దగ్గర్లోని యూటీ డాలస్‌కు ఫుట్‌బాల్ జట్టు లేదు, పేరున్న చెస్ జట్టు ఉంది, చెస్ ఆడేవాళ్లకు స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి. మా లిస్టులో అదే మొదట చేరింది. మిన్నెసోటాలోని సెయింట్ ఓలాఫ్ క్యాంపస్‌లో మద్యం నిషిద్ధం. పార్టీ స్కూలని మనవాళ్లు పెదవి విరిచే అరిజోనా స్టేట్‌లో బారెట్ హానర్స్ కాలేజీ ఉంది, టెంపీ క్యాంపస్‌లో దాని పిల్లలకు విడిగా హాస్టళ్లు, భోజనశాల. పెద్ద యూనివర్సిటీ పేరు చూసి కొట్టేయకుండా, లోపల చదివే పిల్లలు ఒకచోట చేరే మూల ఉందేమో వెతకాలి.

ఒక జాగ్రత్త: కొన్ని కాలేజీలు విద్యార్థికి తమ మీద ఆసక్తి ఉందా లేదా అని కూడా లెక్కలోకి తీసుకుంటాయి. కామన్ డేటా సెట్‌లోనే సీ7 అనే చోట చూస్తే తెలుస్తుంది. అలాంటి చోటికి మొక్కుబడి వ్యాసం పంపితే మంచి మార్కులున్నా సీటు రాకపోవచ్చు.

ఒకే అప్లికేషన్‌ను చాలా కాలేజీలకు పంపే కామన్ యాప్ ఇరవై కాలేజీల దాకా పెట్టుకోనిస్తుంది. సేఫ్టీలు రెండు చాలు, ఆ రెండూ మీ పిల్ల తనంతట తాను ఇష్టపడినవై ఉండాలి. హానర్స్, స్కాలర్‌షిప్ గడువులు చాలా చోట్ల ముందే ముగుస్తాయి కనుక ఆ రెండింటికీ నవంబరు దాటకుండా అప్లికేషన్ పంపించేయండి.